చదువు మనకు ఎప్పుడు హక్కైంది?



ఆగస్టు 31 విముక్త దినం సందర్భంగా తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు చదువు గురించి ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగారు. చదువు గొప్పదనం గురించి మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రతి సభలోనూ ఆ మాటే వింటున్నారు. అందుకని ఆ జోలికి పోకుండా, మా హాస్టల్లో ఒక రాత్రి స్టడీ అవర్‌లో వచ్చిన ప్రశ్న దగ్గర మొదలుపెడతాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సోషల్ పుస్తకంలో విద్యాహక్కు పాఠం చదువుతూ, "మేడం, మా తాతకి ఈ హక్కు లేదా? ఉంటే ఆయన ఎందుకు చదువుకోలేదు?" అంది. ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాం. "ఆ రోజులు వేరమ్మా" అని తప్పించుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది ఆ బాకీ జవాబే.

మేం బీఈడీ చదివేటప్పుడు విద్యా చరిత్ర పేపరులో 1854 నాటి వుడ్స్ డిస్పాచ్‌ను బట్టీ పట్టాం. లండన్ తెలిసింది, కలకత్తా తెలిసింది, మద్రాసు తెలిసింది. అదే కాలంలో పాలకొల్లులో ఏం జరిగిందో మాకు ఏ మాస్టారూ చెప్పలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో చదువు మీద వచ్చిన తొలి చట్టానికి మన ఈ డెల్టా ఊళ్లే కారణమని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువలకు నీళ్లొచ్చాయి, రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అప్పటికి గోదావరి జిల్లా అనే పేరు లేదు, రాజమండ్రి జిల్లా అనేవారు. ఆ జిల్లా సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ 1850ల మధ్యలో నరసాపురంలోనూ, దాని చుట్టుపక్కల పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లోనూ బడులు పెట్టించాడు. నరసాపురం టేలర్ హైస్కూలు పేరు మీరు వినే ఉంటారు, ఆ టేలరే. అంతకుముందు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో బౌడన్, బీర్ అనే మిషనరీలు చిన్న చిన్న బడులు నడిపిన మాటా నిజమే. అయితే టేలర్ బడుల సంగతి వేరు. వాటిని చూసి చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమకూ బడి కావాలన్నారు, దాని ఖర్చుకు శిస్తుతో పాటు కొంత సెస్సు కడతామన్నారు. అలా ఊళ్లలో సెస్సు బడులు లేచాయి. ఇష్టపడి కట్టేదైనా సర్కారు వసూలు చేయాలంటే చట్టం ఉండాలి కదా. ఆ లోటు తీర్చడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో ఆరో నంబరు చట్టం తెచ్చింది. ఆ తర్వాత 1871 లోకల్ ఫండ్ చట్టంతో ఆ వ్యవహారం స్థానిక బోర్డుల చేతికి పోయింది.

కాలువ గట్టున ఈత బద్దలతో బుట్టలు అల్లుకునే మనవాళ్లు ఆ లెక్కలో ఎక్కడున్నారు? సెస్సు శిస్తు మీద కట్టేది, శిస్తు భూమి మీద కట్టేది. భూమి లేనివాడు సెస్సు కట్టడు. సెస్సు కట్టనివాడికి "నా బడి" అనే మాట నోట రాదు. టేలర్‌ది చెడ్డ ఉద్దేశమని మేం అనం, ఆ రైతులనూ తప్పుపట్టం. తమ పిల్లల కోసం చేతి డబ్బు తీసి పెట్టారు, మెచ్చుకోవాలి. కానీ డబ్బు కట్టి తెచ్చుకునేది వేరు, హక్కు వేరు. ఈ తేడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

మన పిల్లలకూ బడికీ చట్టం ముడిపెట్టింది మరో యాభై ఏళ్లకు. ఎలా ముడిపెట్టిందో చదివితే మీకు కోపం రావచ్చు. మాకైతే వచ్చింది.

మన పెద్దలు గాడిదల మీదా ఎద్దుల మీదా ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి వ్యాపారం చేసేవారు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, ఆ తర్వాత రైళ్లు ఆ బతుకును దెబ్బతీశాయి. తిరిగే పని పోయినా తిరుగుడు పోలేదు. ఒకచోట ఉండనివాణ్ని అనుమానించడం అప్పటి దొరలకు అలవాటు. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మార్చి దేశమంతటికీ వర్తించేలా చేశారు. మన మద్రాసు ప్రెసిడెన్సీకి అది అప్పుడే వచ్చింది. ఎరుకలవాళ్లు ఆ జాబితాలో పడ్డారు. వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. పిలిచిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి.

హాజరు అనే మాట చూడండి. మేం రోజూ రాత్రి ఎనిమిదింటికి హాస్టల్లో పిల్లల పేర్లు పిలిచి హాజరు తీసుకుంటాం. "ప్రెజెంట్ మేడం" అని గట్టిగా అరుస్తారు. మన తాతల పేర్లు ఎక్కిన మొదటి హాజరు పట్టీ బడిది కాదు, పోలీసువారిది.

ఆ చట్టంలోనే పిల్లల గురించి ఒక సెక్షన్ ఉంది. జాబితాకెక్కిన తెగల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. సెటిల్‌మెంట్లు వచ్చాయి. 1913–14 ప్రాంతంలో గుంటూరు జిల్లాలో సీతానగరం, స్టువర్టుపురం ఏర్పడ్డాయి. సాల్వేషన్ ఆర్మీ వాటిని నడిపింది. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరే ఆ ఊరికి పెట్టారు. సీతానగరంలో పెద్దవాళ్లు రాళ్ల క్వారీల్లో పనిచేశారు. సెటిల్‌మెంటులో బడి ఉంది, పిల్లలు దానికి వెళ్లి తీరాలి. తెలుగు నేల మీద చాలా ఊళ్లలో బడే లేని కాలంలో మనవాళ్లకు బడి తప్పనిసరి! అక్కడ చదివి పైకొచ్చినవాళ్లు ఉన్నారు, ఆ బడుల మేలును కాదనలేం. కానీ ఆ బడి బిడ్డ కోసం కాక, బిడ్డను తల్లిదండ్రుల "దారి" నుంచి తప్పించడానికి పెట్టింది. అమ్మానాన్నల భాష, పని, దేవుడు అన్నీ రోగమన్నట్టు, బడి మందన్నట్టు చూసింది. మన ఇళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ "బడికి పంపితే పిల్ల మనది కాకుండా పోద్ది" అంటే మీరు విసుక్కుంటారు. ఆ భయానికి ఒక చట్టం సెక్షన్ నంబరు ఉంది. విసుక్కునే ముందు అది గుర్తుంచుకోండి.

ఆ చట్టం పోవడానికి చాలామంది పాటుపడ్డారు. వారిలో నెల్లూరు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు మన పిల్లలందరికీ తెలియాలి. ఆయన మన తెగవారు కారు. యానాదుల కోసం సంఘం కట్టి, జీవితమంతా ఆదిమజాతుల సేవలో గడిపారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. మద్రాసు రాష్ట్రం 1947లోనే ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. మనం ఈ రోజును గుర్తుచేసుకునేది అందుకే.

సరే, తాతలకు విముక్తి వచ్చింది, రాజ్యాంగమూ వచ్చింది. మరి మా అమ్మాయి అడిగిన తాత ఎందుకు చదువుకోలేదు?

దీనికి జవాబు ఢిల్లీలో, రాజ్యాంగ సభలో ఉంది. 1947లో హక్కుల ఉపసంఘం ప్రాథమిక విద్యను హక్కుల జాబితాలోనే పెట్టింది. తర్వాత పై కమిటీలో అది కోర్టుకు వెళ్లి అడగలేని సూత్రాల జాబితాలోకి జారింది. అయినా ముసాయిదా 36వ అధికరణలో ప్రతి పౌరుడూ ఉచిత ప్రాథమిక విద్యకు హక్కుదారు అనే అర్థం వచ్చే మాటలు మిగిలాయి. 1948 నవంబరు 23న బెంగాల్ సభ్యుడు లక్ష్మీకాంత మైత్ర, ఇది ఆదేశిక సూత్రాల భాగం కదా, ఇక్కడ హక్కు మాట ఎందుకని ఆ మాటలు తీసేయమన్నారు. అంబేడ్కర్ ఒప్పుకున్నారు. అలా చివరికి 45వ అధికరణ తయారైంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా 14 ఏళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలి అని. "ప్రయత్నించాలి" అన్నదే ఉంది. ప్రయత్నించకపోతే అడగడానికి కోర్టు లేదు, 37వ అధికరణ ఆ మాట చెప్పేసింది. ఎస్సీ, ఎస్టీల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంచాలన్న 46వ అధికరణదీ అదే గతి.

అంబేడ్కర్ ఒక విషయంలో మాత్రం గట్టిగా నిలబడ్డారు. చదువును ప్రాథమిక స్థాయికే కుదించమని మరో సభ్యుడు కోరితే కుదరదన్నారు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని మరోచోట రాసుకున్నాం, పనిలో లేని పిల్లవాడు బడిలో ఉండాలి కదా అన్నది ఆయన వాదన. చాలా మామూలు తర్కం. దేశానికి అది ఒంటపట్టడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. పదేళ్ల గడువు 1960తో ముగిసింది. ఏమీ జరగలేదు. 1970 వచ్చింది, 1980 వచ్చింది. మేం పుట్టాం. మేం ఒకటో తరగతిలో చేరిన నాటికి ఈ దేశంలో చదువు ఎవరికీ కోర్టులో అడగగల హక్కు కాదు. మా అమ్మ బుట్టలమ్మిన డబ్బుతో పలకా బలపం కొంది, ఒక మంచి మాస్టారు పేరు రాసుకున్నారు. ఆయన రాసుకోకపోతే ఇవాళ మేం ఇలా రాస్తూ ఉండేవాళ్లం కాదు. మన తరం చదువు ఎక్కువగా ఇలాంటి మంచివాళ్ల దయ మీదే నడిచింది.

మలుపు మన రాష్ట్రం పేరు మీదే వచ్చింది. 1992లో మోహినీ జైన్ అనే విద్యార్థిని కర్ణాటకలో మెడికల్ కాలేజీ ఫీజు గురించి వేసిన కేసులో, చదువు హక్కేనని సుప్రీంకోర్టు అంది. వెంటనే ప్రైవేటు కాలేజీలు గగ్గోలు పెట్టాయి. మన ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల క్యాపిటేషన్ ఫీజు చట్టాల తగాదాలన్నీ కలిసి పెద్ద బెంచి ముందుకెళ్లాయి. అదే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు. 1993 ఫిబ్రవరి 4న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ప్రధానమైన తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. గమ్మత్తేమిటంటే, ఆ కోర్టు హాల్లో పోట్లాట ఇంజనీరింగు, మెడిసిన్ సీట్ల మీద, లక్షల ఫీజుల మీద. అక్కడ మన పేట పిల్లల ఊసే లేదు. అయినా తీర్పులో మన పిల్లలకు పనికొచ్చే మాట పడింది. రాజ్యాంగం పదేళ్లన్నది, 44 ఏళ్లయింది, ఇంకా అది ఒట్టి మాటేనా అన్న ప్రశ్న వేసుకుని, 14 ఏళ్లు నిండేవరకు ఉచిత విద్య 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. ఆ తర్వాత మాత్రం రాజ్యం ఆర్థిక స్తోమతను బట్టి అంది. ఆ తీర్పులో ఫీజుల పథకాన్ని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో మరింత పెద్ద బెంచి కొట్టేసింది, చదువు హక్కు మాట మాత్రం నిలబడింది.

అదే 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు. కానీ అమలు తేదీ వేయలేదు. దానికి 2009 విద్యాహక్కు చట్టం దాకా ఆగారు. రెండూ కలిసి 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. 1960లో తీరాల్సిన మాట 2010లో చట్టమైంది. యాభై ఏళ్లు ఆలస్యం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల అక్షరాస్యత 49.2 శాతం. మహిళల్లో అయితే దాదాపు 40. ఆ అమ్మాయి తాత ఆ మిగతా సగంలో ఒకరు.

ఇక చట్టం చేతికొచ్చాక సంగతి. కొన్నేళ్ల కిందట డెల్టాలో ఒక ఊరి నుంచి రొయ్యల చెరువుల మీద కాపలా పనికి తిరిగే మనవాళ్లు ఒక పదేళ్ల పాపను మా దగ్గరికి తెచ్చారు. దగ్గర్లోని ఒక బడికి వెళ్తే టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, పైగా అడ్మిషన్లు అయిపోయాయి పొమ్మన్నారట. "మేడంగారండీ, మేం మూడూళ్లు మారామండీ, టీసీ ఏ ఊళ్లో అడగమంటారండీ" అన్నాడు తండ్రి. ఆ బడి పేరు చెప్పం, ఆ హెడ్మాస్టరు గారు చెడ్డవారు కూడా కాదు. చట్టం చదవలేదు, అంతే. మేం చట్టం కాపీ పట్టుకుని వెళ్లాం. వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదని 5వ సెక్షన్. గడువు దాటినా కాదనకూడదని 15వ సెక్షన్. ఎన్నడూ బడికి రాని పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువు ప్రత్యేకంగా నేర్పాలని 4వ సెక్షన్. వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదేనని 9వ సెక్షన్. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇది ఇంతకుముందు ఎవరూ చూపించలేదండి" అన్నారు. మధ్యాహ్నానికల్లా పాప పేరు రిజిస్టరులో ఎక్కింది.

మేం ఆ రోజు బతిమాలలేదు, దణ్ణం పెట్టలేదు. మా చిన్నప్పుడు మా అమ్మ ఆ మాస్టారికి దణ్ణం పెట్టింది. తేడా అదే.

మీలో చాలామంది పేటలో మొదటి తరం చదువరులు. ఈ సెక్షన్లు మీకు నోటికి రావాలి. పిల్లను కొడితే 17వ సెక్షన్ అడ్డు. చేర్చుకోవడానికి పరీక్ష పెట్టినా, డొనేషన్ అడిగినా 13వ సెక్షన్ అడ్డు. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం ఉచిత సీట్లు ఉన్నాయి. మన రాష్ట్రంలో వాటిలో ఎస్టీలకు 4 శాతం. చట్టం 2010లో వచ్చినా ఈ సీట్లు ఇక్కడ నిజంగా నిండడం మొదలైంది హైకోర్టు జోక్యం తర్వాత, 2022–23 నుంచి. మాట వినకపోతే స్థానిక సంస్థకూ, ఆపైన బాలల హక్కుల కమిషన్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. బోధన వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలని కూడా చట్టంలో ఉంది. కుర్రు భాషలో ఒక వాచకం ఉంటే మన పిల్లలు ఒకటో తరగతిలో ఎలా ఉండేవారో అని మాకు ఎప్పుడూ ఒక ఊహ.

ఇప్పుడు చేదు మాట. ఈ హక్కు 14 ఏళ్లతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదో తరగతి హక్కు కాదు. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 18 ఏళ్ల దాకా అందరికీ చదువు అంటుంది, కానీ విధానం వేరు, చట్టం వేరు. అలాగే మేం నడిపే హాస్టల్ కూడా పథకమే. ఏజెన్సీలో ఉన్నవారికి కె.ఆర్.పురం ఐటీడీఏ లాంటి ఆఫీసులు, ఆశ్రమ పాఠశాలలు అందుబాటులో ఉన్నాయి, అక్కడి కష్టాలు అక్కడున్నా. మైదానంలో ఊరికి పది గడపలుగా చెదిరిన మనకు ఈ హాస్టలే దిక్కు. దీన్ని ఇంకో హాస్టల్లో కలిపేస్తామంటే ఏ సెక్షన్ చూపించాలో మాకూ తెలియదు. ఏకలవ్యుడు మనవాడని చెప్పుకుంటాం, కేంద్రం గిరిజన గురుకులాలకు ఆయన పేరే పెట్టింది. బొటనవేలు కథ తెలిసిన మనకు ఆ పేరు చూస్తే సంతోషమూ కలుగుతుంది, కొంచెం నవ్వూ వస్తుంది.

మా రిజిస్టర్లు చూస్తే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆడపిల్లల వరస సన్నబడుతుంది. సంబంధం వచ్చిందంటారు, ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవాలంటారు, పందుల దగ్గర మనిషి లేరంటారు. కుటుంబ పనిలో బడి వేళల తర్వాత పిల్లలు సాయపడవచ్చని 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. ఆ "తర్వాత" ఎంతసేపో కొలిచేవారెవరు? అంబేడ్కర్ చెప్పిన తర్కం ఇక్కడే జారిపోతోంది.

తాత గురించి అడిగిన ఆ అమ్మాయి మొన్న జూన్‌లో తొమ్మిదిలో చేరాలి. బడులు తెరిచిన వారం రోజులకు కూడా రాలేదు. మేం, వంటమనిషి కలిసి ఆదివారం వాళ్ల పేటకు వెళ్లాం. తాత గుమ్మంలో కూర్చుని ఈత బద్దలు చీలుస్తున్నాడు. వాళ్ల నాన్న "ఎనిమిదయిపోయింది కదండీ, చట్టం అంతేనంటగా" అన్నాడు. మేం చెప్పిన పాఠమే మాకు తిరిగొచ్చింది! గంటన్నర కూర్చున్నాం. చట్టం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. చివరికి తాతే కత్తి పక్కన పెట్టి, "పంపండ్రా, ఆ పిల్ల రాసిన కాగితం నేను చదివించుకోవాలి" అన్నాడు. సోమవారం పొద్దున్న మొదటి బస్సుకు తండ్రీ కూతురూ దిగారు.

మీ పేటలో ఎనిమిదో తొమ్మిదో ఆపేసిన పిల్ల ఉంటే మాకు కబురు చేయండి. టీసీ లేకపోయినా పర్లేదు, తిరిగి తెచ్చే పని మేం చూసుకుంటాం. ఆధార్ ఉంటే చాలు, అదీ లేకపోతే పిల్లను ముందు తీసుకురండి.